110 ఫ్లాట్లకు ఎంతమంది సిబ్బంది కావాలి? విజయవాడలో మా అనుభవం

గుంటూరులో రెండు బ్లాకులు, రెండు గేట్లు, 110 ఫ్లాట్లు ఉన్న మీ అపార్ట్‌మెంటులో ఒక మేనేజరు, ఒక టెక్నీషియను, నలుగురు సెక్యూరిటీ గార్డులు, ముగ్గురు హౌస్‌కీపింగ్ వారు ఉన్నారనీ, మెయింటెనెన్స్ తగ్గించడానికి ఒకరిద్దరిని తీసేయమని కొందరు పట్టుబడుతుండగానే మేనేజరు రాజీనామా ఇచ్చారనీ రాశారు. విజయవాడ పటమటలో దాదాపు అంతే ఉన్న అపార్ట్‌మెంటుకు నేను మూడేళ్లు సెక్రటరీగా పనిచేశాను. ఆ మూడేళ్లలో మా దగ్గర ఇద్దరు మేనేజర్లు మానేశారు కాబట్టి, ఈ జవాబులో సగం మేం చేసిన పొరపాట్లే ఉంటాయి.

ముందుగా, ఇన్ని ఫ్లాట్లకు ఇంతమంది అనే లెక్కను పక్కన పెట్టండి. నలభై ఫ్లాట్లకైనా నాలుగు వందల ఫ్లాట్లకైనా గేటు దగ్గర వారానికి 168 గంటలు మనిషి ఉండవలసిందే. దుకాణాలు, సంస్థల చట్టంలోని వారానికి 48 గంటల పరిమితిని పాటిస్తే ఒక్క గేటుకే ముగ్గురున్నర మంది పడతారు. సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు కలుపుకుంటే నలుగురు. మీ నలుగురూ రెండు గేట్లు చూస్తున్నారంటే, వారాంతపు సెలవైనా లేకుండా ఒక్కొక్కరు వారానికి 84 గంటలు డ్యూటీ చేస్తున్నారన్నమాట. ఒకరు ఊరికి వెళితే రెండో వారికి డబుల్ డ్యూటీ తప్పదు.

ఆ డబుల్ డ్యూటీ ఎక్కడికి దారి తీస్తుందో మేం ఒక సంక్రాంతికి చూశాం. మా గార్డుల్లో ఎక్కువమంది శ్రీకాకుళం వైపు వారు. భోగి ముందురోజే ఇద్దరు ఊరికి బయలుదేరారు. మిగిలినవారిలో ఒకరు రాత్రి పదకొండింటికి మోటారు వేసి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే నిద్రపోయారు. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి, తెల్లవార్లూ గోడల వెంట నీళ్లు కారి, సంపు అడుగంటింది. పండగనాడు ఇంటినిండా చుట్టాలతో ఉన్న ఫ్లాట్లలో కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయనను తీసేయాలని కమిటీలో అందరం అన్నాం, నేనూ అన్నాను. ట్రెజరర్ గారు మాత్రం డ్యూటీ రిజిస్టరు తెప్పించి, “ఈయన మొన్న ఉదయం ఎనిమిదింటికి వచ్చారండీ, ఇంకా ఇంటికి వెళ్లనే లేదు” అని చదివి వినిపించారు. ఆ తరువాతే రిలీవరు, అంటే సెలవు పెట్టిన గార్డుకు బదులు వచ్చే మనిషి, ఎవరో ముందుగా చెప్పాలనీ, ఒకే మనిషికి వరుసగా రెండు షిఫ్టులు వేయకూడదనీ గార్డులను పంపే ఏజెన్సీతో ఒప్పందంలో రాయించాం. రెండో గేటును రాత్రి పదింటి నుంచి ఉదయం ఐదింటి వరకు మూసేశాం. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే కంట్రోలరు కూడా పెట్టించాం. నిజానికి అది మొదటి ఏడాదే చేయవలసిన పని.

హౌస్‌కీపింగ్‌కు ముగ్గురు చాలు, తడి చెత్త, పొడి చెత్త ఇళ్లలోనే వేరు చేసి ఇస్తే. లేకపోతే వారి ఉదయమంతా ఆ బకెట్ల దగ్గరే గడిచిపోతుంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను: సెప్టిక్ ట్యాంకులోకి మీ సిబ్బందిలో ఎవరినీ దించకండి. రక్షణ సామగ్రి లేకుండా ఆ పని చేయించడం 2013 నాటి చట్టం కింద నేరం, పైగా లోపలి విషవాయువులకు ప్రాణాలే పోతాయి.

టెక్నీషియను ఒక్కరే అయినా సరిపోతారు గాని, ఇళ్లలోని సొంత పనులు ఆయన రోజును మింగేస్తాయి. మా దగ్గర గీజరు, ఫ్యాను, లీకయ్యే సింకు అంటూ పిలుపులు రావడంతో, జనరేటరు బ్యాటరీ చూడవలసిన మనిషి మూడో అంతస్తులో ఎవరి ఇంట్లోనో కర్టెను రాడ్డు బిగిస్తూ కనిపించేవారు. ఇళ్లలో పనికి మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకే సమయం కేటాయించి, పనికింత అని అసోసియేషన్‌కు కట్టేలా పెట్టాక, అలాంటి ఫిర్యాదులు ఆశ్చర్యంగా తగ్గిపోయాయి.

అసలు బరువు మేనేజరు మీద ఉంటుంది, అది ఎవరికీ కనిపించదు. మొదటి మేనేజరు మానేసినప్పుడు జీతం చాలలేదేమోనని అనుకున్నాం. రెండో ఆయన కూడా మానేస్తానన్నప్పుడు, తనకు వచ్చే ప్రతి ఫోనూ ఒక నెలపాటు నోటుపుస్తకంలో రాసిపెట్టమని అడిగాను. ఆయన భోజనం డబ్బా మూత తీయడం, ఫోను మోగడం, మళ్లీ మూత పెట్టడం అప్పుడే దగ్గరుండి చూశాను. పుస్తకం నిండా ఉన్నవి మరమ్మతుల పిలుపులు కావు: నీళ్లు ఎప్పుడు వదులుతారు, పార్కింగులో ఎవరి కారు అడ్డంగా ఉంది, నా రసీదు ఏది. యాప్ పెడితే ఇవన్నీ పోతాయని కొందరన్నారు. ఫోను చేసేవారు యాప్‌లో ఫిర్యాదు పెట్టి, అది చూశారా అని మళ్లీ ఫోను చేశారు. పనిచేసింది ఏమిటంటే, వసూళ్లు, రసీదులు, బ్యాంకు లెక్కలు నెలకు నాలుగు పూటలు వచ్చే అకౌంటెంటుకు అప్పగించడం, నీళ్ల వేళలు లిఫ్టుల్లో అతికించడం, రాత్రి ఎనిమిది దాటాక లిఫ్టు, నీళ్లు, కరెంటు తప్ప మరే విషయానికీ మేనేజరుకు ఫోను చేయకూడదని సర్వసభ్య సమావేశంలో తీర్మానించడం. అయినా ఆ రెండో ఆయన ఆగలేదు. ఈ మార్పుల వల్ల మేలు జరిగింది మూడో ఆయనకు.

ఒక మనిషి మీదే అంతా ఆధారపడితే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు తెలిసింది. మా సెల్లారులోకి నీరు రాలేదు గాని, మా మేనేజరు సింగ్‌నగర్‌లో తన ఇంట్లోనే చిక్కుకుపోయారు. మోటారు ప్యానెల్ తాళం ఎక్కడుందో, ఏ వాల్వు ఏ బ్లాకుదో మాలో ఒక్కరికీ తెలియదు. ఇప్పుడు వాల్వులన్నింటికీ రంగు వేసి నంబర్లు రాశాం, వాటి పటం గేటు గదిలో ఉంది.

మీ విషయానికి వస్తే, మీరు ఎవరినీ తీసేసే స్థితిలో లేరు. రెండు గేట్లూ రాత్రింబగళ్లు తెరిచే ఉంచాలంటే ఎనిమిది మంది గార్డులు కావాలి. మాలా ఒకదాన్ని రాత్రి మూస్తే ఆరేడుగురితో నడుస్తుంది. కొత్త మేనేజరు కోసం వెతికే ముందు, వెళ్లిపోతున్న ఆయన చేత నోటీసు కాలం పూర్తయ్యేలోగా ఆ ఫోన్ల పుస్తకం, వాల్వుల పటం రెండూ రాయించుకోండి.