ఫ్లాపీలు ఇంటికెళ్లాక చదవడం లేదెందుకు?

ప్రశ్న: మా కంప్యూటర్ క్లబ్బులో ఏటీ (ఐబీఎం పీసీ-ఏటీ రకం కంప్యూటర్) మీద కాపీ చేసిచ్చిన 360 కేబీ ఫ్లాపీలు సభ్యుల ఎక్స్‌టీల్లో (అంతకుముందు తరం పీసీల్లో) చదవడం లేదు. క్లబ్బులో మాత్రం బాగానే ఉంటాయి. వైరస్ అంటారా?

జవాబు: వైరస్ కాదు, డ్రైవు తేడా. ఏటీలోని 1.2 ఎంబీ డ్రైవు 80 ట్రాకులది (ట్రాకంటే డిస్కు మీద సమాచారం రాసే వలయం), దాని హెడ్డు, అంటే చదివి రాసే భాగం, సన్నం. 360 కేబీ డ్రైవుకి 40 ట్రాకులే, హెడ్డు వెడల్పు. పాత ఫ్లాపీ మీద ఏటీ రాసిన సన్నగీతకి రెండు పక్కలా పాత రాత మిగిలిపోతుంది. ఎక్స్‌టీ హెడ్డు రెండింటినీ కలిపి చదివి తికమకపడుతుంది. కాపీలన్నీ 360 డ్రైవులోనే చేయండి. ఆ వీలు లేకపోతే, ఎన్నడూ ఫార్మాట్ చేయని కొత్త ఫ్లాపీని ఏటీలోనే ‘ఫార్మాట్ ఏ: /4’తో సిద్ధం చేసుకోండి. చాలామటుకు పనిచేస్తుంది, పూచీ మాత్రం లేదు.

వైరస్ మాట ఎత్తారు గనక: క్లబ్బు లైబ్రరీలోని మాస్టర్ ఫ్లాపీల (అసలు ప్రతుల) అంచు గాడికి నల్లటి స్టిక్కరే అంటించండి, గాడి మూస్తే డ్రైవు వాటి మీద ఏమీ రాయదు. పారదర్శక టేపు వేస్తే కాంతితో గాడిని పసిగట్టే డ్రైవులు మోసపోతాయి. 360 కేబీ ఫ్లాపీ పేరు ‘బ్రెయిన్’ అని మారి, డిస్కును తనిఖీ చేసే చెక్‌డిస్క్ ఆదేశం 3072 బైట్లు చెడ్డవని చూపిస్తే బ్రెయిన్ వైరస్‌ని అనుమానించాల్సిందే. డిస్క్‌కాపీ ఆదేశం బూట్ సెక్టార్‌తో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ముందుగా చదివే భాగంతో) సహా అంతా దింపుతుంది, వైరస్‌నీ వదలదు. వైరస్ లేని డాస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఫ్లాపీతో కంప్యూటర్‌ని మొదలెట్టి, మామూలు కాపీతో ఫైళ్లను కొత్తదాంట్లోకి మార్చి, పాతదాన్ని ఫార్మాట్ చేసేయండి.