కలిసి పంపాయా, పంపారా?

సందేహం: ‘నైసార్ ఉపగ్రహాన్ని భారత్, అమెరికా కలిసి పంపారు’ అని మా అమ్మాయి స్కూలు వ్యాసంలో రాసింది. టీచర్ ‘పంపాయి’ అని దిద్దారు. ఇంట్లో మేమంతా ‘పంపారు’ అనే అంటాం. ఏది సరి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: టీచర్ దిద్దినదే సరి. దేశాలు, సంస్థలు వ్యాకరణం లెక్కలో అమహత్తులు, అంటే మనుషులు కానివాటి వరసలోవి. ఒక్కటైతే ‘పంపింది’, ఒకటికి మించితే ‘పంపాయి’. తికమకంతా ఏకవచనం పెట్టిందే. ‘ఆమె పంపింది’, ‘నాసా పంపింది’ – రెంటికీ ఒకే క్రియ. బహువచనానికి వచ్చేసరికి దారులు వేరవుతాయి. ఆడవాళ్లు మనుషుల వరసలో చేరి ‘పంపారు’ అవుతారు, దేశాలు ‘పంపాయి’ దగ్గరే ఉండిపోతాయి.

మరి మీ ఇంట్లో అందరి నోటా ‘పంపారు’ ఎందుకొస్తోంది? మాట్లాడేటప్పుడు దేశం పేరు వెనక మన మనసులో ‘వాళ్లు’ ఉంటారు. మధురవాడ స్టేడియంలో మ్యాచ్ అయ్యాక ఒకరు ‘ఇండియా గెలిచింది’ అంటారు, పక్కాయన ‘మనోళ్లు గెలిచారు’ అంటాడు. రెండూ సరైనవే. ‘అమెరికావాళ్లు రాడార్ ఇచ్చారు’ కూడా అంతే. ‘వాళ్లు’ను మింగేసి క్రియను మాత్రం అలాగే ఉంచితేనే చిక్కు.

నిజానికి నా అభ్యంతరం ‘పంపారు’ కన్నా ‘కలిసి’ మీద ఎక్కువ. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ రాకెట్‌తో నైసార్‌ను కక్ష్యలోకి చేర్చింది ఇస్రో. ఎల్-బ్యాండ్ రాడార్, 12 మీటర్ల యాంటెన్నా నాసావి. ఎస్-బ్యాండ్ రాడార్ మనది. అంటే కలిసి చేసింది ఉపగ్రహాన్ని. ‘భారత్, అమెరికా కలిసి తయారు చేసిన నైసార్‌ను ఇస్రో ప్రయోగించింది’ అంటే వ్యాకరణమూ విషయమూ రెండూ కుదురుతాయి. ‘భారత్ అమెరికాతో కలిసి తయారు చేసింది’ అన్నా ఒప్పే. ‘తో’ చేరగానే కర్త భారత్ ఒక్కటే అయింది కదా! అప్పుడప్పుడు వార్తల్లో దొర్లే ‘భారత్, అమెరికా కలిసి తయారు చేసింది’ మాత్రం కుదరదు.

మనుషులూ వస్తువులూ ఒకే వాక్యంలో పడితే? అదే జులై 15న శుభాంశు శుక్లా సహా నలుగురు అంతరిక్ష కేంద్రం నుంచి తిరిగొచ్చారు. ‘వ్యోమగాములు, వ్యోమనౌక సముద్రంలో దిగారు’ అంటే నౌకకూ ఈత నేర్పినట్టుంటుంది. ‘దిగాయి’ అంటే మనుషులు సామానైపోతారు. ‘నలుగురు వ్యోమగాములతో వ్యోమనౌక సముద్రంలో దిగింది’ అని రాసేయడమే సుఖం.