పాత మార్కుల రిజిస్టరు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఊరి హైస్కూలు చరిత్ర రాస్తున్నాం. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఆంగ్లో వర్నాక్యులర్ స్కూలు (ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల బడి) అది. 1910ల నాటి నాలుగో ఫారం (ఇప్పటి లెక్కలో తొమ్మిదో తరగతి) మార్కుల రిజిస్టరు ఒకటి దొరికింది. 24 మంది పిల్లలు, అన్నీ నూటికి వేసిన మార్కులే. ఒక అబ్బాయికి లెక్కల్లో 71, తెలుగులో 44 వచ్చాయి. ఇంట్లో మాట్లాడే భాషలో ఇంత వెనకబడ్డాడేమిటి? (రాజమహేంద్రవరం)

జవాబు: వెనకబడలేదండీ. బహుశా ఆ అబ్బాయి తెలుగులోనే గట్టివాడు. 71 పక్కన 44 పెట్టి చూడకండి, ఆ రెండూ ఒకే కొలబద్ద మీద అంకెలు కావు.

ఆ రోజుల లెక్క ఒకటి వేసి చూద్దాం. మణుగు మూడు రూపాయల అయిదణాల నాలుగు పైసల చొప్పున ఆరు మణుగులు ఎంత? (ఆ పైసలు అణాకు 12, అణాలు రూపాయికి 16.) నాలుగారులు 24 పైసలు, అంటే రెండణాలు. అయిదారులు 30 అణాలు, ఆ రెండూ కలిస్తే 32, అంటే రెండు రూపాయలు. మూడారులు 18, రెండు కలిపితే సరిగ్గా 20 రూపాయలు. పిల్లవాడు అలవాటుకొద్దీ ఒక్కచోట పదికి ఒకటి చొప్పున పై స్థానానికి ఎక్కించాడా, జవాబు మొత్తం తప్పు, ఆ లెక్కకు మార్కు పోయినట్టే. అందుకే లెక్కల పేపరులో సున్నా వచ్చేవాడూ ఉంటాడు, నూరు వచ్చేవాడూ ఉంటాడు. వ్యాసం సంగతి వేరు. ఎంత బాగా రాసినా పూర్తి మార్కులు వేయరు, ఎంత పేలవంగా రాసినా సున్నా చుట్టరు. మార్కులన్నీ నడుమ ఇరుకు జాగాలో కూడతాయి.

కాబట్టి ముందు ఒక్కో సబ్జెక్టులో 24 మందినీ మార్కుల వరసలో పేర్చండి. ఇద్దరికి సమానంగా వచ్చి 5, 6 స్థానాల్లో ఉంటే చెరొక అయిదున్నర ఇవ్వండి. తరవాత ఈ అబ్బాయి వెనక ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. తెలుగులో అయిదోవాడైతే మిగతా 23 మందిలో 19 మంది అతని వెనకే. లెక్కల్లో తొమ్మిదోవాడైతే 15 మందే. అప్పుడు 44 గొప్పదా, 71 గొప్పదా అన్నది మీకే తేలుతుంది.

రిజిస్టరులో ఉన్న మొత్తం మార్కుల ర్యాంకునూ అదే జాగ్రత్తతో చూడండి. అన్నీ కూడితే ఏ సబ్జెక్టులో మార్కుల మధ్య దూరం ఎక్కువో దానిదే పైచేయి. క్లాసు ఫస్టు ఎవరన్నది చాలావరకు లెక్కల పేపరే తేలుస్తుంది.

ప్రశ్న: చరిత్ర మార్కులు తక్కువగా ఉంటే చరిత్ర రానట్టా, ఇంగ్లీషు రానట్టా? (మచిలీపట్నం)

జవాబు: రెండు భాషల బడిలో అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే. నాలుగో ఫారం నుంచి ఆరో ఫారం దాకా హైస్కూలు, ఆ కాలంలో అక్కడ చరిత్ర, భూగోళం పాఠాలు ఇంగ్లీషులోనే. జవాబులూ ఇంగ్లీషులోనే రాయాలి. అంకెలతో నడిచే లెక్కల్లో ఈ బరువు తక్కువ.

విడదీసి చూడటానికి సులువైన దారి ఉంది. 24 మంది క్లాసే అనుకుందాం. ఇంగ్లీషులో మొదటి ఎనిమిది మంది పేర్లు, చరిత్రలో మొదటి ఎనిమిది మంది పేర్లు పక్కపక్కన రాయండి. రెండు సబ్జెక్టులకూ సంబంధమే లేకపోతే ఇద్దరో ముగ్గురో మాత్రమే రెండు జాబితాల్లోనూ కనిపించాలి. ఆరేడుగురు కనిపిస్తే అనుమానించాల్సిందే. అయితే అక్కడితో ఆగకూడదు, తెలివైన పిల్లలు అన్నిట్లోనూ ముందుంటారు కదా. తెలుగు జాబితానూ చరిత్ర పక్కన పెట్టండి. అందులో ముగ్గురే కలిసి, ఇంగ్లీషులో ఏడుగురు కలిస్తే, ఆ పేపరు చరిత్రతో పాటు ఇంగ్లీషునూ బాగానే పరీక్షించిందని చెప్పవచ్చు. ఒక్క ఏడాదితో తీర్పు చెప్పకండి. రెండు మూడేళ్లలో అలాగే వస్తేనే రాయండి.

ప్రశ్న: తెలుగు వ్యాసం మార్కులు ఏడాదికేడాది పోల్చవచ్చా? (విజయనగరం)

జవాబు: 1910ల రిజిస్టర్లయితే చాలా జాగ్రత్తగా. 1912-13లో స్కూలు ఫైనలు బోర్డు వ్యాసం కావ్యభాషలోనైనా వాడుక భాషలోనైనా రాయవచ్చంది. గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షం దాని కోసమే పోరాడింది. జయంతి రామయ్య పంతులుగారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురు నిలిచారు. పండితుల ఆందోళనతో ఆ వెసులుబాటు రద్దయింది. అంటే, 'వచ్చినాడు' బదులు 'వచ్చాడు' అని రాసిన పిల్లవాడికి ఒక ఏడు చెల్లింది, మరో ఏడు ఎర్రగీత పడింది. పిల్లవాడి తెలుగు మారలేదు, దిద్దే కొలత మారింది. బడిలో దిద్దిన పండితుడి పక్షం కూడా మార్కు మీద పడే ఉంటుంది. కాబట్టి ఈ సబ్జెక్టులో ఒకే ఏడు, ఒకే తరగతి లోపలే పోల్చండి.

ప్రశ్న: అంకెలు తెలుగులో ఉన్నాయి. సిరా వెలిసి ౨ (2), ౩ (3) ఒకేలా కనిపిస్తున్నాయి. ఏం చేయాలి? (కాకినాడ)

జవాబు: వరస చివర మొత్తం మార్కుల గడి ఉంటే అదే మీకు ఆధారం. వరసను కూడి చూడండి. తేడా ఒకటి వస్తే ఒకట్ల స్థానంలో ౨ను ౩గానో, ౩ను ౨గానో చదివారు. తేడా పది అయితే పొరపాటు పదుల స్థానంలో ఉంది. కుదరకపోతే గుమాస్తా కూడికే తప్పేమో చూడాలి, అదీ జరిగేదే. అనుమానం తీరని అంకెను పెన్సిలుతో చుట్టి వదిలేయండి, ఊహించి నింపకండి. అసలు పుస్తకం మీద కాదు, మీరు రాసుకున్న నకలు మీద! ఖాళీ గడిని సున్నాగా రాసుకోకండి. ఆ రోజు రాని పిల్లవాడు వేరు, వచ్చి సున్నా తెచ్చుకున్నవాడు వేరు.

ప్రశ్న: నాలుగో ఫారం కంటే ఆరో ఫారంలో సగటు మార్కులు పెరిగాయి. బోధన మెరుగుపడిందని రాయవచ్చా? (ఏలూరు)

జవాబు: అప్పుడే వద్దు. బడి జీతం (ఫీజు) కట్టలేక మానేసినవాళ్లు, తప్పి అదే తరగతిలో ఉండిపోయినవాళ్లు ఆరో ఫారం వరసలో ఉండరు. వెనకబడినవాళ్లు జారిపోతే మిగిలినవాళ్ల సగటు దానంతటదే పెరుగుతుంది. ఆరో ఫారంలో ఉన్న పిల్లల్నే వెనక్కి పట్టుకెళ్లి నాలుగో ఫారంలో వాళ్ల స్థానాలు చూడండి. పేరును నమ్ముకోవద్దు, ఒకే ఇంటిపేరుతో వెంకటేశ్వర్లు ముగ్గురుంటారు. అడ్మిషన్ నంబరు పట్టుకోండి. నంబరు లేకపోతే తండ్రి పేరు, పుట్టిన తేదీ రెండూ కలిస్తేనే ఒకరిగా లెక్కవేయండి.