ఫార్ములా వన్ ఎలా పుట్టింది, ఇంజిను వెనక్కి ఎప్పుడు వెళ్లింది?

ఫార్ములా వన్ పందేలు ఎలా మొదలయ్యాయి, ఆ పేరు ఎందుకు వచ్చింది, ఇంజిను డ్రైవరు వెనక్కి ఎప్పుడు వెళ్లింది అని మీరు అడిగారు. నేను నకిరేకల్‌లో హైవే పక్కనున్న మా నాన్నగారి పంచర్ షాపులో పెరిగాను. అందుకే ఈ చరిత్ర నాకు టైర్లతోనే మొదలవుతుంది.

1906 జూన్‌లో ఫ్రాన్సులోని లె మాన్ దగ్గర, సుమారు 103 కిలోమీటర్ల చుట్టును రెండు రోజుల్లో పన్నెండుసార్లు తిరిగే పందెం జరిగింది. దీన్నే తొలి గ్రాండ్ ప్రీగా, అంటే పెద్ద బహుమతి పందెంగా లెక్కిస్తారు. ఎండకు రోడ్డు మీది తారు కరిగింది, టైర్లు వరసగా పగిలాయి. డ్రైవరూ, పక్కన కూర్చునే మెకానిక్కూ తప్ప మరెవరూ బండిని ముట్టుకోకూడదన్నది నియమం. చాలామంది పాడైన టైరును చక్రం మీదే కత్తితో కోసి కొత్తది ఎక్కిస్తుంటే, రెనో కారు నడిపిన ఫెరెంక్ సిస్ వెనక చక్రాలకు మాత్రం మిషెలిన్ వారి విడదీసే రిమ్ములున్నాయి. ముందే టైరు ఎక్కించి ఉంచిన రిమ్మును బోల్టులతో బిగిస్తే చాలు. గెలిచింది ఆయనే. వేసవి మధ్యాహ్నం లారీ టైరును లివర్లతో విడదీయడానికి నాన్నగారు పడే కష్టం చూసిన నాకు, ఆ గెలుపులో వేగం కన్నా ఆ రిమ్మే పెద్దదిగా కనిపిస్తుంది.

1920ల మధ్యలో మెకానిక్కు దిగిపోయాడు. 1932లో వచ్చిన ఆల్ఫా రోమియో పి3తో నిజమైన ఒంటి సీటు కారు కుదిరింది. ఫార్ములా అంటే పోటీదారులందరూ పాటించవలసిన కొలతల కట్టుబాటు. ఇంజిను పరిమాణం సూపర్‌చార్జర్ (ఇంజినులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉంటే 1.5 లీటర్లు, లేకపోతే 4.5 లీటర్లు దాటకూడదని 1946లో కుదిరిన హద్దే ఫార్ములా వన్ అయింది. 1950 మే 13న సిల్వర్‌స్టోన్‌లోని యుద్ధకాలపు విమాన మైదానంలో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది. ఆ పందెమూ, ఆ ఏటి టైటిలూ జుసెప్పె ఫరీనావే.

అప్పట్లో దాదాపు అన్ని కార్లకూ ఇంజిను ముందుండి, షాఫ్టు మన లారీల్లో లాగా వెనక చక్రాలదాకా వెళ్లేది. 1930లలోనే ఆటో యూనియన్ ఇంజినును వెనక పెట్టినా, ఆ పద్ధతి నిలిచింది కూపర్ అనే చిన్న ఇంగ్లండు కంపెనీ వల్ల. మన ఆటోలో ఉన్నట్టు ఇంజిను వెనక్కి వెళ్లి షాఫ్టు అడ్డు తొలగడంతో డ్రైవరు కిందికి కూర్చోగలిగాడు, బండి తేలికైంది. 1958 జనవరిలో అర్జెంటీనాలో స్టర్లింగ్ మాస్ కూపర్ కారులో, టైర్లు మార్చడానికి ఆగకుండానే, మూడు సెకన్ల లోపు తేడాతో ఫెరారీని ఓడించారు. ఆయన కారు చక్రానికి నాలుగేసి బోల్టులు, విప్పి బిగించేసరికి చాలా సమయం పోయేది. ఆగి ఉంటే గెలుపు దక్కేది కాదు. పందెం ముగిసేసరికి రబ్బరు అరిగి లోపలి గుడ్డ బయటపడింది. అలాంటి టైర్లు మా షాపుకూ వచ్చేవి. దారాలు వేళ్లకు గరుకుగా తగిలేవి. ఆ టైరుతో బండిని సూర్యాపేట దాకా పంపడానికి కూడా నాన్నగారు ఒప్పుకునేవారు కారు.

1959, 1960లలో జాక్ బ్రాభమ్ కూపర్‌తోనే టైటిళ్లు గెలిచారు. 1960 సెప్టెంబరులో ఇటలీలోని మోంజా పందెం తరవాత ముందు ఇంజిను కారు ప్రపంచ చాంపియన్‌షిప్ పందెం మళ్లీ గెలవలేదు.

ఇప్పుడు చక్రానికి ఒకే నట్టు. 2023లో ఖతార్‌లో మెక్లారెన్ సిబ్బంది నాలుగు చక్రాలనూ 1.80 సెకన్లలో మార్చారు. ఆ వీడియో చూపిస్తే నాన్నగారు మూడుసార్లు పెట్టించుకుని, మూడోసారి ముందు జాకీ పట్టుకున్న మనిషి చేతులనే చూశారు.