డేట్ ఇచ్చే రోజే హిమోగ్లోబిన్ చూడమ్మా

అమ్మాయ్,

రేపు ఆపరేషన్ అనగా ఈరోజు పీఏసీలో (మత్తుకు ముందు చేసే పరీక్షలో) హిమోగ్లోబిన్ 8 చూసి, రెండు యూనిట్ల రక్తానికి చీటీ రాసే అలవాటు ఇప్పుడే మానుకో. యూనిట్‌కు పెరిగేది సుమారు ఒక గ్రాము. రక్తం తగ్గిన కారణం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆపరేషన్ కావాలని తేల్చిన రోజే సీబీపీ (రక్తకణాల లెక్క) చూడు. ఆడవాళ్లకైనా 13 దాకా తేవాలి. వాళ్లకు 12 చాలంటారు గానీ, టేబుల్ మీద పోయే రక్తం ఇద్దరికీ ఒకటే.

ఫైబ్రాయిడ్లతో గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చే ఆవిడనే తీసుకో. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్షకు పంపు. 30 లోపుంటే ఐరన్ లోపమే. ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ ఉత్తపుణ్యానికి పెరుగుతుంది కాబట్టి 100 లోపున్నా అనుమానించి, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్ మోసే ప్రోటీన్ ఎంత నిండిందో) 20 శాతంకన్నా తక్కువేమో చూడు. ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) బాగా తగ్గినా ఎర్రకణాలు 50 లక్షలు దాటితే ఐరన్ లోపం కాక, పుట్టుకతో వచ్చే తలసీమియా ట్రెయిట్ కావచ్చు.

ఆరేడు వారాలు టైముంటే మాత్రలు చాలు: 100 మి.గ్రా. ఐరన్ ఉన్న ఫెర్రస్ ఆస్కార్బేట్, రోజు విడిచి రోజు. రోజుకు రెండు మింగిస్తే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి పేగు ఐరన్‌ను లోపలికి రానివ్వదు, కడుపునొప్పి మాత్రం మిగులుతుంది. టీకీ, కాల్షియం మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పు, లేకపోతే భయపడి మానేస్తారు. బ్లీడింగ్ ఆపకుండా ఐరన్ పోస్తే చిల్లికుండే. రక్తం గడ్డకట్టే జబ్బు లేదని తెలుసుకుని, నెలసరి రోజుల్లో బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ రాయి.

టైము లేకపోతే ఐరన్ నరానికే. బరువును, పెంచాల్సిన గ్రాములను, 2.4ను గుణించి 500 కలుపు. 50 కిలోల మనిషికి 8 నుంచి 13కు 1,100 మి.గ్రా. నరానికిచ్చే ఐరన్ మందు ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఒకసారికి 1,000 దాటకూడదు. నార్మల్ సెలైన్ 250 మి.లీ.లో కలిపి, పావుగంటకు తగ్గకుండా ఎక్కించు. ముందు ఉత్త సెలైన్ తోసి క్యాన్యులా సరిగ్గా ఉందో చూడు; మందు పక్కకు కారితే ఆ గోధుమరంగు మచ్చ ఏళ్లయినా పోదు. అయ్యాక అరగంట కళ్లముందే ఉంచు. జ్వరముంటే వాయిదా వెయ్యి.

ఇదీ సర్వరోగనివారిణి కాదు. 2020లో లాన్సెట్‌లో వచ్చిన ప్రివెంట్ ట్రయల్‌లో, పెద్ద కడుపు ఆపరేషన్లకు ముందు ఇలా ఐరన్ ఇచ్చినా రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గలేదు. ఆ ముక్క కూడా చదివి పెట్టుకో.

యాభై దాటిన మగమనిషి హెర్నియాకు వచ్చి ఐరన్ లోపం బయటపడితే, కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో తేల్చడానికి ముందు ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించు. హెర్నియా తేదీ ఆ తర్వాత చూసుకుందాం.