అమ్మాయితో మొదటి విదేశీ ప్రయాణం, అదీ సముద్రం దగ్గరికి

ప్రశ్న: మాది కాకినాడ. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, పదో తరగతి పరీక్షలు అవుతున్నాయి. సెలవుల్లో నీలంగా ఉండే సముద్రం దగ్గరికి తీసుకెళ్ళమని రెండేళ్ళుగా అడుగుతోంది. ఇన్నేళ్ళలో తిరుపతి, షిరిడీ, ఒకసారి ఊటీ తప్ప మేం ఎక్కడికీ వెళ్ళలేదు. ఈసారి మారిషస్ అనుకున్నాం. మా ఆయనకి బట్టల షాపు, మే నెల పెళ్ళిళ్ళ సీజన్ వదిలి రాలేరు, కాబట్టి నేనూ అమ్మాయీ ఇద్దరమే వెళ్ళాలి. ఒక ట్రావెల్స్ వాళ్ళు ఆరు రాత్రుల ప్యాకేజీ రాసిచ్చారు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి బండి వస్తుంది, ఒకరోజు ఉత్తరం వైపు, ఒకరోజు దక్షిణం వైపు, ఒకరోజు దీవి, ఒకరోజు పార్కు. అది చూసి అమ్మాయి "ఇది స్కూల్ టూర్‌లా ఉంది, నేను రాను" అనేసింది. ఇంత డబ్బు పోసి అక్కడ పడుకుని ఫోన్ చూసుకోవడానికా అని నేనూ కోప్పడ్డాను. దానికి తోడు స్విమ్మింగ్ డ్రెస్ అనగానే మా అత్తగారు వద్దంటున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మాయికి నెలసరి వచ్చేలా ఉంది, వాయిదా వేసే మాత్రలు ఇవ్వొచ్చా? టికెట్లు ఇంకా కొనలేదు. కాగితాలు ఏం కావాలో కూడా తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ, కాకినాడ

జవాబు: ముందు ఆ ప్యాకేజీ కాగితం పక్కన పెట్టండమ్మా. మీ అమ్మాయి అన్నదాంట్లో నిజముంది. ఏడాదంతా తెల్లవారుజామున లేచి ట్యూషన్, స్కూలు, మళ్ళీ స్టడీ అవర్ అని పరిగెత్తిన పిల్ల అది, సెలవుల్లో కూడా ఎనిమిదింటికి బండి హారన్ కొడితే మొహం ముడుచుకోదా? ఆ పిల్ల అడిగింది సముద్రం. మీరు చూపిస్తున్నది సముద్రం పక్కనుంచి వెళ్ళే వ్యాను. ఆరు రాత్రుల్లో బండి కట్టించుకుని తిరిగేది రెండు రోజులు చాలు, మిగతాదంతా ఒకే బీచ్ దగ్గర, ఒకే గదిలో. ఆ రెండు రోజులు ఎక్కడికి వెళ్ళాలన్నది ఆమెనే తేల్చమనండి, బస్సులు, దూరాలు, టికెట్ ధరలు అన్నీ తనే వెతికి మీకు చెప్పాలి. పదిహేనేళ్ళ పిల్లకి ఆ పని చేతికిస్తే "నేను రాను" అన్న మాట మళ్ళీ వినపడదు, నేను మా ఇంట్లో చూశాను కాబట్టి చెప్తున్నాను.

మే నెల మంచి ఎంపిక. మారిషస్ భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి మనకి ఎండలు మండే రోజుల్లో అక్కడ చలికాలం మొదలవుతుంది, చలి అంటే మన డిసెంబరు సాయంత్రంలా అనుకోండి, నీళ్ళు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటాయి. తుపాన్ల బెడద ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు, అందుకే సంక్రాంతి సెలవులకి అక్కడికి వెళ్తామనే వాళ్ళని నేను ఆపుతాను. మేలో ఒక్క లోటుంది, పొద్దు తొందరగా పోతుంది, సాయంత్రం ఆరు కాకుండానే సూర్యుడు దిగిపోతాడు. అయితే గడియారం మనకంటే గంటన్నర వెనక కాబట్టి ఇంట్లో ఆరున్నరకి లేచే అలవాటుంటే అక్కడ ఐదింటికే మెలకువ వస్తుంది. మొదటి రెండు రోజులు దాన్ని వాడుకోండి, తెల్లారుతుండగా ఇద్దరూ ఇసుక మీద నడవండి. ఆ టైంలో బీచ్ మీద మనుషులు పెద్దగా ఉండరు.

ఏ వైపు ఉండాలి అంటే పడమర వైపు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, లేదా ఉత్తరాన త్రూ ఓ బిష్, మాంట్ షోజీ. తూర్పున బెల్ మార్ చాలా అందమైనదే కానీ మే తర్వాత ఆ వైపు గాలి ఎక్కువ. నన్నడిగితే మీకు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్. ఎందుకంటే కాకినాడలో మీ అమ్మాయి సూర్యుడు సముద్రంలోంచి లేవడమే చూసింది, సముద్రంలోకి దిగిపోవడం ఎప్పుడూ చూసి ఉండదు. పైగా అక్కడ ఒడ్డు పొడుగునా సరుగుడు చెట్ల నీడ, నడిచి వెళ్ళే దూరంలో దుకాణాలు, సూపర్‌మార్కెట్. చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే అన్నం, పప్పు వండుకోవచ్చు. అక్కడి బీచ్‌లు అందరివీ, పెద్ద హోటల్ ముందున్న ఇసుక మీద కూడా ఎవరైనా కూర్చోవచ్చు, కాబట్టి సముద్రం కోసమని ఖరీదైన రిసార్ట్ తీసుకోనక్కర్లేదు. తిండికి బెంగ వద్దు. దోల్ పురీ అని పప్పు పొడి కూరిన పల్చటి రొట్టె రోడ్డు పక్కన బండి మీద అమ్ముతారు, రెండు కలిపి మధ్యలో కూర, పచ్చడి వేసి కాగితంలో చుట్టి చేతికిస్తారు. గాతో పిమా అనేది రుచి చూస్తే మీకే తెలుస్తుంది, అచ్చం మన మసాలా వడే. ఆవకాయ తీసుకెళ్తే లగేజీలో వేయండి, చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీలో తీయించేస్తారు. పండ్లు, మొక్కలు మాత్రం వద్దు, మామిడిపండ్లైనా సరే.

ఇప్పుడు డ్రెస్ సంగతి. మీ అత్తగారితో వాదన పెట్టుకోకుండానే ఇది తెగుతుంది. నిండు చేతుల టాప్, మోకాళ్ళ దాకానో చీలమండల దాకానో వచ్చే ఈత లెగ్గింగ్స్ దొరుకుతున్నాయి, ఎండకి కూడా అవే మంచివి. ఏది కొనాలో అమ్మాయినే అడగండి, ఈ వయసులో తన ఒంటి గురించి తనకే వంద సందేహాలుంటాయి, వాటికి ఇంకొకరి మాట తోడు చేయకండి. మీకు కూడా ఒక జత కొనుక్కోండి. ఇది మొహమాటం లేకుండా చెప్తున్నాను, కాటన్ చుడీదార్, చున్నీతో నీళ్ళలోకి దిగడం ప్రమాదం, బట్ట తడిసి బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది. మన బీచ్‌లలో అలా దిగేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు గుండె దడే. ఇంకో మాట, అక్కడ తీసిన ఫోటో ఏదైనా ఫ్యామిలీ గ్రూపులో పెట్టే ముందు అమ్మాయిని అడగండి. వద్దంటే ఆపేయండి.

నెలసరి మాత్రల గురించి. పూజకి, పెళ్ళికి మందుల షాపులో అడిగి తెచ్చి వేసేసుకోవడం మన ఇళ్ళల్లో అలవాటైపోయింది, పదిహేనేళ్ళ పిల్లకి ఆ పని చేయకండి. అవి హార్మోన్ మాత్రలు. గైనకాలజిస్టు దగ్గరికి ప్రయాణానికి నెలముందే వెళ్ళి, మైగ్రేన్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బున్నా దాచకుండా చెప్పండి, ఇవ్వొచ్చో లేదో వాళ్ళే తేలుస్తారు. ఇస్తే మామూలుగా రావలసిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెడతారు. అసలు దీనికంటే సులువైన దారి మీ చేతిలోనే ఉంది, టికెట్లు కొనలేదన్నారు కదా, అమ్మాయి తేదీ చూసుకుని వారం అటో ఇటో జరపండి. అప్పటికీ ముందూ వెనకా అయితే ప్యాడ్ బదులు లోపల పెట్టుకునే కప్, టాంపన్ లాంటివి ఉన్నాయి, కానీ అవి మొదటిసారి అక్కడ ప్రయత్నించకూడదు, ఇష్టమైతే ఇంట్లో అలవాటు చేసుకోవాలి. ఇష్టం లేకపోతే ఆ రెండు రోజులు ఇద్దరూ చెట్ల కింద కూర్చోండి. ప్యాడ్లు, ఒక జత బట్టలు విమానంలో చేతి బ్యాగులోనే ఉండాలి.

కాగితాలు. ముందు అమ్మాయి పాస్‌పోర్టు. చిన్నప్పుడు తీసి ఉంటే గడువు ఐదేళ్ళే, తీసి చూడండి, తిరిగొచ్చాక కూడా ఆరు నెలలు ఉండేలా చూసుకోండి. కొత్తది తీస్తే పదిహేను నిండాయి కాబట్టి పదేళ్ళది అడగొచ్చు. మైనరు కనుక తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి, షాపు గిరాకీలో పడకముందే మీ ఆయనతో చేయించేయండి. మారిషస్‌కి మనవాళ్ళు టూరిస్టులుగా వెళ్తే ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, దిగాక ఫీజు లేకుండా స్టాంపు వేస్తారు, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చుకి డబ్బు చూపించాలి. ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం ఒకటుంది. తండ్రి రావడం లేదు కాబట్టి "నా భార్యతో మా అమ్మాయి వెళ్ళడానికి నాకు సమ్మతమే" అని నోటరీ చేయించిన లెటర్, అమ్మాయి పుట్టిన తేదీ సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. ఎవరూ అడగకపోవచ్చు, అడిగితే మాత్రం ఆ కౌంటర్ ముందు నిలబడి ఏమీ చేయలేరు. మందులు ఏవి తీసుకెళ్ళినా డాక్టర్ చీటీతో, షీటు కత్తిరించకుండా. మారిషస్ వాళ్ళు మందుల విషయంలో చాలా గట్టిగా ఉంటారు, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు బ్యాగులో లేకుండా చూసుకోండి. వైద్య ఖర్చులకి ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి అనుకోండి. యూపీఐ 2024 నుంచి అక్కడ నడుస్తోంది, అయినా కొంత నగదు ఉండాలి, దోల్ పురీ బండి దగ్గర అదే పనికొస్తుంది.

టికెట్ మాత్రం హైదరాబాద్ నుంచి మారిషస్ దాకా ఒకే బుకింగ్‌లో ఉండాలి. నేను మా అమ్మాయితో మొదటిసారి వెళ్ళినప్పుడు కొన్ని వేలు తగ్గుతాయని ముంబైకి ఒక టికెట్, అక్కణ్ణించి ఇంకో టికెట్ విడివిడిగా కొన్నాను. మధ్యలో మూడు గంటలుంది కదా అనుకున్నాను. మొదటి విమానం గంటన్నర ఆలస్యం, సూట్‌కేసుల కోసం నిలబడ్డాం, ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి ట్యాక్సీలో రోడ్డు మీద వెళ్ళాలి, చేరేసరికి కౌంటర్ మూసేశారు. టికెట్లు వేరు కాబట్టి ఎవరికీ బాధ్యత లేదన్నారు. మా అమ్మాయి సూట్‌కేసు మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఏడవకు, రేపటి విమానం చూద్దాం" అని తనే ఫోన్ తీసింది. ఆ రాత్రి నాకింకా కళ్ళముందే ఉంది. ముంబై నుంచి విమానం ఆరు గంటల పైమాటే, కాకినాడ నుంచి లెక్కేస్తే ఇంచుమించు ఒక రోజు. చల్లగా ఉంటుంది, దుప్పటి లాంటి శాలువా, చెవులు పట్టేస్తే నమలడానికి చూయింగ్ గమ్, గంటకోసారి లేచి నాలుగడుగులు. వెళ్ళిన రోజు ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి.

తిరిగే ఆ రెండు రోజుల్లో ఒకటి మారిషస్ రాజధాని పోర్ట్ లూయీకి ఇవ్వమని అమ్మాయికి నా మాటగా చెప్పండి. మీ ఊరికి పక్కనే కోరింగ ఉంది కదా, మడ అడవులు చూడ్డానికి స్కూలు పిల్లల్ని తీసుకెళ్తారు. 1839 తుపాను దెబ్బతినక ముందు అది పెద్ద రేవు. చెరకు తోటల్లో కూలికి మన తెలుగువాళ్ళు కొందరు అక్కడే ఓడలెక్కారు, అందుకే మారిషస్‌లో వాళ్ళని కోరింగీలు అనేవారు. ఓడ దిగిన చోటు పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 1834 నుంచి దాదాపు 5 లక్షల మంది కూలీలు ఆ రేవులో దిగారు. వాళ్ళ తెలుగు వారసులు ఇప్పటికీ అక్కడున్నారు, ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. మీ అమ్మాయి ఆ రాతి మెట్ల దగ్గర నిలబడినప్పుడు, ఇక్కడ దిగినవాళ్ళలో కొందరు ఎక్కింది మన కోరింగలో అని మీరే చెప్పండి.

ప్రశ్న: జూన్‌లో ఫుకెట్ వెళ్దామని మా ఇంట్లో అనుకుంటున్నారు. పద్నాలుగేళ్ళ మా అమ్మాయి స్కూల్లో ఈత నేర్చుకుంది, నాకు రాదు. తను లోపలికి వెళ్తుంటే ఒడ్డున నిలబడి అరవడం తప్ప నేనేం చేయగలను?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మొదట చోటు మార్చండి. ఫుకెట్ పడమటి బీచ్‌లు పటాంగ్, కరాన్, కటా అన్నిటికీ మే నుంచి అక్టోబరు దాకా వర్షాకాలం, అలలు పెద్దవి, ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు ఆ రోజుల్లోనే ఎక్కువ. ఎర్ర జెండా ఉంటే మోకాలి లోతు కూడా వద్దు. అదే థాయిలాండ్‌లో తూర్పు వైపున్న కో సముయీ దీవికి జూన్‌లో వాన తక్కువ, వీలైతే అక్కడికి మార్చుకోండి.

స్కూల్ పూల్లో ఈత వేరు, సముద్రం వేరు అని అమ్మాయికి ఇంట్లోనే చెప్పాలి, నీళ్ళ దగ్గర కాదు. లోపలికి లాగుతుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. భయపడకుండా తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగడం తగ్గాక ఒడ్డు వైపు రావాలి, చెయ్యెత్తి పిలవాలి. లైఫ్‌గార్డ్ ఉన్న చోటే దిగాలి, ఒంటరిగా దిగకూడదు, ఆమె నీళ్ళలో ఉన్నంతసేపూ మీ ఫోన్ సంచిలో ఉండాలి.

మీరు అరవడం గురించి అడిగారు కదా. జూన్‌కి ఇంకా సమయం ఉంది, మీ దగ్గర్లో ఆడవాళ్ళకి విడిగా బ్యాచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌లో రేపే చేరండి. రెండు నెలలు వెళ్తే ఊపిరి పట్టడం, వెల్లకిలా తేలడం వస్తాయి. సెలవు రోజుల్లో అమ్మాయిని వెంట తీసుకెళ్ళి, మీ వీపు కింద చెయ్యి పెట్టి పట్టుకోమనండి.