ఐదు వేలలో ఎయిర్ రైఫిల్ స్కోప్: 24 రెట్లు కాదు, పది మీటర్లలో ఫోకస్ చూడండి

మీరు అడిగింది ఇది: .177 (4.5 మి.మీ. సీసపు పెల్లెట్ పడే) స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొన్నారు, గుంటూరులో ఇంటి డాబా మీద 10 మీటర్ల దూరంలో కాగితం టార్గెట్లు కొడుతున్నారు, ఊరికి వెళ్లినప్పుడు తోటలో 25 మీటర్లు. మూడు నుంచి ఐదు వేలలో స్కోప్, అంటే గన్ మీద పెట్టి గురి చూసే దుర్బిణి, కావాలి. 6-24×50 (6 నుంచి 24 రెట్లు పెద్దదిగా చూపేది, ముందు అద్దం 50 మి.మీ.) ఒకటి చూసి పెట్టుకున్నారు, తీసుకోమంటారా అని.

వద్దండి. ఆ డబ్బుతో అంతకంటే చిన్నది, మీకు పనికొచ్చేది వస్తుంది. ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే నేను పోగొట్టుకున్న డబ్బు సంగతి చెప్పాలి.

నేను బెజవాడలో గుణదల వైపు ఉంటాను. మేడ మీద నీళ్ల ట్యాంకు దగ్గర నుంచి మెట్ల గది గోడ దాకా టేపు పెట్టి కొలిస్తే పది మీటర్లకి కాస్త ఎక్కువే వచ్చింది. అదే నా రేంజి. నాలుగేళ్ల కిందట మొదటి స్కోప్ 2,200 పెట్టి కొన్నాను. 3-9×40, లోపల ఎర్ర లైటు, పచ్చ లైటు, చవితి పందిరిలా. రెండు వారాలు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత నిన్న నల్లచుక్క మధ్యలో పడిన పెల్లెట్ ఇవాళ రెండు సెంటీమీటర్లు ఎడమకి పడటం మొదలైంది. సరిచేస్తే మర్నాడు కిందకి. పెల్లెట్ల డబ్బా మార్చాను. చెయ్యి వణుకుతోందేమోనని పొద్దున కాఫీ మానేశాను, ఇంట్లో వాళ్లు ఆశ్చర్యపోయారు. చివరికి ఒకరోజు స్కోప్ విప్పి చెవి దగ్గర పెట్టి ఊపితే గిలక్కాయలా చప్పుడు చేసింది. లోపల ఏదో ఊడిపోయింది.

తప్పు కొంత దానిది, ఎక్కువ నాది. అది స్ప్రింగ్ గన్ కోసం చేసింది కాదు. పిస్టన్ ముందుకి దూకినప్పుడు గన్ వెనక్కి తంతుంది. సిలిండర్ చివర నొక్కుకుపోయిన గాలికి తగిలి ఆ పిస్టన్ ఆగేటప్పుడు గన్ మళ్లీ ముందుకి గుంజుకుంటుంది. ఒక్క షాట్‌కి రెండు వైపులా దెబ్బ. మందు తుపాకుల కోసం చేసిన మామూలు స్కోప్‌లో అద్దాలు వెనక్కి తన్నే దెబ్బను తట్టుకునేలా బిగించి ఉంటాయి, ముందుకి గుంజే దెబ్బకి వదులవుతాయి. అందుకే పెద్ద రైఫిల్ మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోప్ కూడా ఎయిర్ గన్ మీద పాడవుతుంది. మొదట వింటే నేనూ నమ్మలేదు. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘స్ప్రింగ్ ఎయిర్ గన్‌కి పనికొస్తుందని కంపెనీ రాసి ఇచ్చిందా’ అన్నదే. ‘అన్ని గన్లకీ పనికొస్తుంది సార్’ అని కౌంటర్‌లో ఎవరైనా అంటారు, పెట్టె మీదో కాగితం మీదో చూపించమనండి. మీది ముందే గాలి నింపుకునే పీసీపీ అయితే ఈ గొడవ లేదు, దానికి తన్ను దాదాపు ఉండదు.

రెండోది పారలాక్స్. కొత్తవాళ్లకి దీని గురించి ఎవరూ చెప్పరు, డబ్బు పోయేది మాత్రం ఇక్కడే. స్కోప్‌లో కనిపించే ప్లస్ గుర్తు, టార్గెట్ బొమ్మ, రెండూ లోపల ఒకే చోట పడాలి. అలా పడేది ఏదో ఒక దూరానికే. ఫోకస్ రింగు లేని స్కోప్‌కి ఆ దూరం ఫ్యాక్టరీలోనే పెట్టేస్తారు, సాధారణంగా 100 గజాలకి, పాయింట్ 22 తుపాకుల కోసం చేసినవైతే 50 గజాలకి. మనం కొట్టేది 10 మీటర్లకి. అప్పుడు కన్ను కాస్త పక్కకి జరిగితే గన్ కదలకపోయినా ప్లస్ గుర్తు టార్గెట్ మీద జరుగుతుంది. ఎంత జరుగుతుందో లెక్క వేయొచ్చు. ముందు అద్దం 40 మి.మీ. ఉండి, 100 గజాలకి పెట్టిన స్కోప్ అయితే, 10 మీటర్లలో కన్ను పూర్తిగా అంచుకి వెళ్తే దాదాపు 18 మి.మీ. తప్పుతుంది. పోటీల్లో వాడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో నల్ల గుండ్రం మొత్తం వ్యాసం 30.5 మి.మీ. అంటే గుండ్రం మధ్యకి గురి పెట్టిన షాట్ బయటికే పోవచ్చు. అంత అంచుకి ఎవరూ కన్ను పెట్టరు గానీ మూడు నాలుగు మి.మీ. తేడాలు రోజూ వస్తాయి, మనం చేతిని తిట్టుకుంటాం. మీరు చూసిన 50 మి.మీ. అద్దానికి ఇదే లెక్క 22 మి.మీ. దాకా వెళ్తుంది. పెద్ద అద్దం ఇక్కడ లాభం కాదు, నష్టం.

అందుకని ముందు అద్దం చుట్టూ ఉన్న రింగు తిప్పి దూరం సెట్ చేసే రకం తీసుకోండి. దుకాణాల్లో ‘ఏఓ’ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్) అంటే అర్థమవుతుంది. ఆ రింగు మీద అన్నిటికంటే తక్కువ అంకె 10 గజాలో అంతకన్నా తక్కువో ఉండాలి. 10 గజాలంటే 9.14 మీటర్లు, మనకి సరిపోతుంది. పెద్ద జూమ్ ఉన్న చవక స్కోప్‌లు చాలావాటికి ఇది 15 గజాల దగ్గరే ఆగిపోతుంది. మీ డాబా మీద 24 రెట్లు పెట్టి చూస్తే మబ్బు కనిపిస్తుంది అంతే. రింగు మీద అంకెల్ని కూడా పూర్తిగా నమ్మకండి. గన్‌ని ఇసుక సంచి మీద ఆనించి, ముట్టుకోకుండా తల మెల్లగా పైకీ కిందకీ ఆడించండి. ప్లస్ గుర్తు టార్గెట్ మీద కదలకుండా నిలిచే చోటు దొరికేదాకా రింగు తిప్పి అక్కడ సన్నగా ఒక గీత పెట్టుకోండి.

ఇప్పటికే రింగు లేని స్కోప్ ఉన్నవాళ్లకి ఒక పైసా ఖర్చు లేని చిట్కా. పెళ్లి కార్డు అట్ట గుండ్రంగా కత్తిరించి, మధ్యలో 20 మి.మీ. చిల్లు చేసి ముందు అద్దం మీద కప్పండి. 40 మి.మీ. అద్దానికైతే తేడా సగానికి పడిపోతుంది, బొమ్మ కూడా తేరుకుంటుంది. కాస్త చీకటిగా కనిపిస్తుంది. మన ఎండలో దాన్ని ఎవరు లెక్కచేస్తారు!

ఎన్ని రెట్లు కావాలి? పది మీటర్లలో పెల్లెట్ చిల్లు నాలుగు రెట్లకే కనిపిస్తుంది. తొమ్మిది దండిగా సరిపోతుంది. అంతకు మించితే గుండె కొట్టుకోవడం కూడా ప్లస్ గుర్తులో కనిపించి, అది మధ్యకి వచ్చిన క్షణంలో ట్రిగ్గర్ లాగెయ్యాలనే టెన్షన్ మొదలవుతుంది. అలా లాగిన షాట్ ఎప్పుడూ బాగుండదు. 25 మీటర్లకి కూడా నేను తొమ్మిది దాటలేదు.

నా రెండో స్కోప్ 3-9×32, ఏఓ రింగు ఉన్నది. గుంటూరు బ్రాడీపేటలో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో 4,600కి తీసుకున్నాను. ఆయన పోటీలకి ప్రాక్టీస్ మొదలుపెట్టి పీప్ సైట్‌కి (అద్దాలు లేకుండా చిన్న చిల్లులోంచి గురి చూసేది) మారారు, అందుకే అమ్మేశారు. ఇది మీరూ తెలుసుకోవాలి. 2012 లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోప్‌కి అనుమతి లేదు. వెనక చిన్న చిల్లు, ముందు గుండ్రటి రింగు, వాటిలోంచే చూడాలి. మా ఊళ్లో దీని మీద ఎప్పుడూ ఒక వాదన నడుస్తుంది. మన జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన కాంపౌండ్ (కప్పీలుండే) విల్లుకి భూతద్దం పెట్టుకోనిస్తారు కదా, రైఫిల్‌కి ఎందుకు వద్దంటారు అని. ఆట ఆటకీ రూలు వేరు, అంతే. పోటీల ఆలోచన ఉంటే మాత్రం స్కోప్ మీద అసలు ఖర్చు పెట్టకండి.

మౌంట్లు, అంటే స్కోప్‌ని గన్‌కి బిగించే పట్లు, కొనేటప్పుడు మీ గన్ పైన గాడి ఎంతో కొలవండి. ఎయిర్ గన్లకి ఎక్కువగా 11 మి.మీ. డవ్‌టెయిల్ (ఏటవాలు అంచుల గాడి) ఉంటుంది, స్కోప్‌తో ఉచితంగా వచ్చే మౌంట్లు వెడల్పు పట్టాకి చేసినవి కావచ్చు. స్ప్రింగ్ గన్ తన్నుకి స్కోప్ మెల్లగా వెనక్కి జారుతుంది. కింద ఆపే పిన్ను ఉన్న మౌంటు అయితేనే నిలుస్తుంది. నాకు ఇది తెలియక ముందు స్క్రూలు బలమంతా పెట్టి బిగించి ట్యూబ్ మీద సొట్ట పెట్టాను. ప్లస్ గుర్తు నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి నట్టు కట్టి టార్గెట్ పక్కన వేలాడదీయండి, నిలువు గీత దారంతో కలవాలి.

జీరో పెట్టేటప్పుడు, అంటే గురి పెట్టిన చోటే పెల్లెట్ పడేలా స్కోప్‌ని సరిచేసేటప్పుడు, అందరూ పొరపడే చోటు ఒకటుంది. నాబ్ మీద ‘ఒక క్లిక్ పావు అంగుళం’ అని ఉంటుంది. అది 100 గజాలకి. 10 మీటర్లలో ఒక క్లిక్ అంటే ముప్పావు మి.మీ. కన్నా కాస్త తక్కువ. అంగుళం జరపాలంటే దాదాపు 35 క్లిక్కులు. నాలుగు క్లిక్కులు తిప్పి ‘ఏమీ కదల్లేదు, స్కోప్ పాడైంది’ అని నాకు ఫోన్ చేసినవాళ్లు ఇద్దరున్నారు. అసలు పాడైందో లేదో తేల్చాలంటే ఒకే చోట గురి పెడుతూ, 40 క్లిక్కులు పైకి, 40 కుడికి, 40 కిందకి, 40 ఎడమకి తిప్పి ప్రతి మూలలో మూడేసి పెల్లెట్లు కొట్టండి. వైపు దాదాపు 29 మి.మీ. చదరం రావాలి, ఆఖరి మూడూ మొదటి చోటే పడాలి. సెకండ్‌హ్యాండ్ అయితే డబ్బులిచ్చే ముందే ఈ పరీక్ష చేయనివ్వమని అడగండి. బ్రాడీపేట ఆయన వాళ్ల డాబా మీదే చేయనిచ్చారు, పైగా కాఫీ ఇచ్చారు. మానేసిన కాఫీ ఆ రోజే మళ్లీ మొదలైంది.

బ్యారెల్ మడిచి లోడ్ చేసే గన్లలో ఇంకో చిక్కు. బ్యారెల్ కొంచెం కిందకి వాలి ఉండి, పైకి క్లిక్కులన్నీ అయిపోయినా పెల్లెట్ కిందే పడుతుంది. నాబ్‌ని చివరిదాకా తిప్పేసి అలా ఉంచితే లోపలి స్ప్రింగు వదులై జీరో నిలవదు. వెనక మౌంటు కింద కూల్ డ్రింక్ టిన్ను నుంచి కత్తిరించిన సన్న రేకు ఒకటి పెట్టండి, ట్యూబ్‌కి గీత పడకుండా పైన టేపు వేసి. నాకు ఒక్క రేకు సరిపోయింది.

ఇక మీ బడ్జెట్. రెండు వేల లోపు లైట్లున్న పెద్ద స్కోప్‌ల జోలికి పోకండి, పెట్టె మీద ఎంత పెద్ద పేరున్నా సరే. నకిలీలు చాలా తిరుగుతున్నాయి. నాలుగైదు వేలలో 3-9×32 ఏఓ, లేదా 3-9×40 ఏఓ. హాక్ కంపెనీ ఎయిర్‌మ్యాక్స్ లాంటివి ఎయిర్ గన్ల కోసమే చేసినవి, బాగుంటాయి గానీ మీరు చెప్పిన డబ్బుకి కొత్తవి రావు. కొంత మిగిలితే చదును ముక్కు పెల్లెట్లు కొనండి, కాగితం మీద చిల్లు గుండ్రంగా పడి లెక్క తేలికవుతుంది. డాబా మీద టార్గెట్ వెనక పాత బట్టలు కూరిన గోనె సంచి తప్పనిసరి. పిట్టగోడకి తగిలిన పెల్లెట్ ఎటు తిరిగి వస్తుందో చెప్పలేం, పక్క డాబా మీద వడియాలు పెట్టుకునేవాళ్లుంటారు.

వేసవిలో పదింటి తర్వాత జీరో పెట్టకండి. స్లాబు మీద నుంచి లేచే వేడికి టార్గెట్ నీళ్లలో ఉన్నట్టు ఆడుతుంది. నేను ఆరున్నరకి మొదలుపెట్టి, ఎనిమిదిలోపు గన్ దింపేసి, స్కోప్‌కి గుడ్డ చుట్టి సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో పెట్టేస్తాను. వానాకాలంలో మన కృష్ణ ఒడ్డు తేమకి అద్దాల లోపల బూజు పడితే తుడవడానికి చెయ్యి పట్టదు.